ఎలక్ట్రిక్ వీల్‌చైర్: ఎంపిక, నిర్వహణ

కూర్చున్నవారే జాయ్‌స్టిక్‌తో నడుపుకొనే బ్యాటరీ కుర్చీ ఎలక్ట్రిక్ వీల్‌చైర్. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి కాళ్లూ చేతులూ చచ్చుబడిన సైనికుల కోసం కెనడా ఇంజినీరు జార్జ్ క్లైన్ బృందం దీన్ని తీర్చిదిద్దింది. కొనేవారు ముందు మోటారు శక్తి, వేగం అడుగుతారు. అంతకంటే ముందు చూడాల్సినవి సీటు, ఇంటి గుమ్మం. సీటు మరీ వెడల్పైతే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, ఇరుకైతే తుంటి దగ్గర ఒరుసుకుని పుండ్లు పడతాయి. స్పర్శ తెలియనివారికి ఆ పుండు ముదిరేదాకా బయటపడదు. బాత్రూం తలుపు కొలవకుండా కొన్న కుర్చీ ముందుగదికే పరిమితమవుతుంది. మడతపెట్టే తేలిక కుర్చీ చవక, కారు డిక్కీలో పడుతుంది కదా అనేవారున్నారు. అప్పుడప్పుడు బయటికెళ్లేవారికి అది సబబే. రోజంతా కూర్చునేవారికి మాత్రం వీపును, కాళ్లను సర్దుకునే సీటు, ఒత్తిడిని పంచే కుషన్ తప్పనిసరి. ఆ ఖర్చు వృథా కాదు.

చాలా కుర్చీల్లో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండుంటాయి. పూర్తిగా దిగనిచ్చి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం పడిపోతుంది. రోజూ ఛార్జింగ్ పెడితే పాడవుతాయన్న భయం అక్కర్లేదు, కుర్చీతో వచ్చిన ఛార్జర్ నిండగానే కరెంటు తగ్గించుకుంటుంది. ముందు చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు ఎప్పటికప్పుడు తీసేయాలి. మోటారు క్లచ్ మీటను విడిపిస్తే బ్రేకూ పనిచేయదు కాబట్టి వాలులో ఆ మీట ముట్టుకోవద్దు.