ఆటస్థలమందలి ఉపాధ్యాయుడు

పిల్లవాడు సాయంకాలము బంతి చంకబెట్టుకొని యింటికి వచ్చినచో, వీనికి చదువబ్బదని మన పెద్దలు విసుగుకొందురు. బహుకాలము బడిలో గడిపినవాడను గనుక ఆ విసుగులోని భయమును నేనెరుగుదును. ధాన్యమమ్మి జీతము కట్టిన తండ్రికి ఆట వ్యర్థముగా తోచుట వింత గాదు. అయినను ఇట్టి విషయములందు వాదముకంటె చరిత్ర మేలు. కావున ఒక బడిపంతులు చరిత్రమును విన్నవించెదను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్లనున్న పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. వ్యాయామవిద్యయందును శిక్షణము పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. లోకము ఆయనను భారతజట్టు శిక్షకుడుగా నెరుగునుగాని, ఆయన పద్ధతి యంతయు బడిపంతులు పద్ధతియే.

కుర్రవానికి కాలికి బంతి దొరికినచో విడువ బుద్ధిపుట్టదు. నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకొనవలెనని వాని యాశ. రహీం పిల్లలకు పెట్టిన పోటీలలో ఒకదానియందు అట్లు బంతిని వెంటబెట్టుకొని పరుగెత్తుటయే నిషిద్ధము. అందినతోడనే సహచరునకు అందింపవలెను. మరియొక పోటీలో బలములేని కాలితోనే తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెనన్నమాట.

పెద్దలారా, ఈ రెండవ నియమమును ఒకింత ఆలోచింపుడు. లెక్కలు రాని బాలుడు లెక్కల పుస్తకము మూసి, తనకు వచ్చిన పద్యములనే గొంతెత్తి వల్లించుచుండుట ప్రతి బడిలోను కలదు. ఇంటివారు విని సంతసింతురు. లెక్కలు మాత్రము రావు. తనకు రానిదానిని పదిమంది యెదుట, నవ్వులకు వెరవక, దినదినము అభ్యసించుటకు గుండె కావలెను. శీలమని మనము చెప్పుకొనునది చాలవరకు ఇదియేయని నా తలంపు. నీతిపద్యములు నేర్పినవాడనే యైనను, వానివలననే యిది అబ్బునని నేను చెప్పజాలను. అట్లని ఆట యొక్కటియే దానిని కలిగించుననియు అనను. గురువులేని ఆటస్థలమున కలహములును నేర్వవచ్చును.

సికింద్రాబాదు దాపునగల అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేదకుర్రవాడుండెను. హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుటకు అతనికి సాధనము లేకపోగా, సైకిలు అద్దెను రహీం తన చేతినుండి యిచ్చెను. ఆ బాలుడు అంతదూరము త్రొక్కుకొనివచ్చి, ఆడి, మరల త్రొక్కుకొనిపోయెడివాడు. 1956లో మెల్బోర్నునకు పోయిన ఒలింపిక్ జట్టులో చేరెను. 1960లో రోమునగరమున హంగరీ మీదను పెరూ మీదను గోలులు కొట్టెను. ఆ సైకిలు త్రొక్కుటకు మార్కులు వేసిన పరీక్షాధికారి యెవడును లేడు.

రహీం శిక్షించిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఓడించి స్వర్ణపతకము గొనిరి. మరుసటి యేడు హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఘోరముగా ఓడిరి. మనవారిలో పెక్కుమంది ఉత్తకాళ్ళతో ఆడిరి. పిదప జోళ్ళు తొడుగుట నియమమయ్యెను. నాలుగేండ్లకు మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4-2 తో గెలిచి, సెమీఫైనలు చేరి, నాల్గవ స్థానము పొందిరి. ఈ నాలుగేండ్ల నడుమ ఏమి జరిగెనో పత్రికలలో అంతగా కానరాదు. అభ్యాసము వార్త కాదుగదా!

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమును కాన్సరు వ్యాధి పట్టియుండెను. మొదటి యాటలోనే కొరియా మనవారిని 2-0 తో ఓడించెను. జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అతడు వెనుక నిలిచి కాచువాడు. రహీం అతనిని ముందునకు పంపి గోలుకొట్టువానిగ మార్చెను. తాను నేర్చిన స్థానమును విడిచి, కట్టుకట్టిన తలతో, అతడు క్రొత్తపనిని కొన్నిదినములలో నేర్చుకొనెను. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలులో మరల ఆ కొరియాయే ఎదురయ్యెను. ప్రేక్షకులలో వేలకొలదిజనులు మనవారిని గేలిచేయుచుండిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు కొట్టిరి. మనవారు 2-1 తో గెలిచిరి.

రహీం 1963 జూన్ 11వ తేదీన మరణించెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మనకు అటుపిమ్మట లభింపలేదు. ఆయన కుమారుడు షాహిద్ హకీం 1960లో రోమునకు పోయిన జట్టులో నుండెను. జట్టునకు శిక్షకుడు తండ్రియే. కుమారుడు ఒక్క యాటయైన ఆడకయే తిరిగివచ్చెను.