కొండల వరసలో హద్దు ఏది?

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా లోయ అనగానే మీకు చిప్పులు, కంపెనీలు గుర్తుకొస్తాయి. వాటికంటే వందేళ్ల ముందే ఈ లోయలో డబ్బు కురిపించింది పాదరసం. దక్షిణాన న్యూ ఆల్మడెన్ కొండల్లో పాదరసపు ఖనిజమైన ఇంగిలీకం ఉంది. అక్కడి ఆదివాసులైన ఓలోనీ జనం ఆ ఎర్రరాయిని ఒంటికి పూసుకునే రంగుగా వాడేవారు. బంగారం వేట మొదలయ్యాక రాయి నుంచి బంగారాన్ని విడదీయడానికి పాదరసం కావలసి వచ్చింది. ఇక ఆ కొండ ఎవరిదన్న తగాదా మామూలుగా ఉంటుందా?

1848 దాకా కాలిఫోర్నియా మెక్సికోది. అక్కడి గవర్నర్లు పశువులు మేపుకునేవాళ్లకు విశాలమైన భూములు రాసిచ్చారు. కాగితంతో పాటు చేత్తో గీసిన పటం ఒకటి ఉండేది. మన పాత దస్తావేజుల్లో చెక్కుబందీలాగే అందులోనూ వాగు, గుట్ట, చెట్టే హద్దులు. అమెరికా పాలన వచ్చాక 1851 చట్టం హక్కుదార్లందరినీ రుజువులు చూపమంది. గనుల పక్కనున్న లాస్ కాపిటాన్సిల్లోస్ భూమికి దక్షిణపు హద్దు ‘సియెర్రా’, అంటే కొండల వరస. తీరా చూస్తే అక్కడ ముందు పొట్టి గుట్టలు, వాటి వెనక పెద్ద కొండలు. ఏ వరస? హక్కుదారు ఫోసాట్‌కూ ప్రభుత్వానికీ నడిచిన ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1858లో ఈ వ్యాజ్యం కోసమే ఫొటోగ్రాఫర్ కార్లటన్ వాట్కిన్స్ అక్కడి గ్వాడలూపె గని పరిసరాలను ఫొటో తీశాడు. కెమెరా ఎక్కడ నిలబెట్టావని కోర్టులో అడిగితే, దృశ్యం బాగా కనిపించే చోటు ఎంచుకున్నానన్నాడు. ఫొటో కూర్పు గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత సూటి మాట నాకు దొరకలేదు. కింద నిలబడితే ముందు గుట్ట వెనక కొండను మింగేస్తుంది. ఎత్తుకు ఎక్కితే రెండూ విడిపోతాయి. నిలబడే చోటు మారితే సాక్ష్యమూ మారుతుంది!

అప్పటి ఫొటో పద్ధతి కూడా ఇలాంటి చూపుకే ఒదిగింది. గాజు పలకకు కొలోడియన్ పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే కడగాలి. గుడారమే చీకటిగది. ఆ పూత నీలం రంగుకు మరీ ఎక్కువగా స్పందిస్తుంది, అందుకే ఆకాశం తెల్లగా వెలిసిపోయి మబ్బులు మాయమయ్యేవి. గాలికి ఆకులు చెదిరిపోయేవి. కదలని కొండ అంచు మాత్రం కత్తితో కోసినట్టు నిలిచేది. ఖాళీ ఆకాశాన్ని తగ్గించి, అంచుల మీదే బొమ్మ కట్టడం వాట్కిన్స్‌కు అలవాటైంది.

ఆ చూపుతోనే 1861లో యోసెమిటీకి వెళ్లి 18 అంగుళాలకు 22 అంగుళాల పలకల మీద ఫొటోలు తీశాడు. 1864లో లింకన్ ఆ లోయను కాపాడే చట్టం మీద సంతకం పెట్టడంలో వాటి పాత్ర ఉందంటారు. మ్యూజియాల్లో వాటిని ప్రకృతి ఆరాధనగా వేలాడదీస్తారు. నాకైతే వాటి వెనక సర్వేయరే కనిపిస్తాడు.

1906 భూకంపం, మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వాట్కిన్స్ స్టూడియో పోయింది. కొండలు మాత్రం అక్కడే ఉన్నాయి. మీరెవరైనా ఇటు వస్తే, కంపెనీల ముందు సెల్ఫీలయ్యాక ఆల్మడెన్ క్విక్‌సిల్వర్ పార్కుకి రండి. గుట్టెక్కి, హద్దు ఏ వరసో మీరే చెప్పండి.