కోలారు గనిలో ఆకాశపు జాడ

ఆకాశమును పరిశీలింపగోరినవారు కొండలెక్కుట లోకమెరిగిన రీతి. సూర్యునికొరకు కొడైకెనాలునందును, నక్షత్రములకొరకు కావలూరునందును మనవారు కట్టిన వేధశాలలు కొండలపైననే వెలసినవి. అయినను ఆకాశమునుండి వచ్చెడి ఒకానొక సూక్ష్మకణమును కనుగొనుటకై శాస్త్రజ్ఞులు మైలున్నరకు పాతాళమునకు దిగిరనియు, ఆ దిగిన చోటు మన చిత్తూరు సీమకు సరిహద్దున, తెలుగు, తమిళము, కన్నడము మూడును కలిసి వినవచ్చెడి కోలారు బంగారు గనియనియు చెప్పినచో, నేటి యువకులలో పెక్కురకు ఇది క్రొత్త సంగతియే యగును.

ఆ కణము పేరు న్యూట్రినో. కొన్ని పరమాణుకేంద్రములు బీటాకిరణములను వెలువరించునపుడు శక్తి కొంత లెక్కకు దొరకక పోవుచుండగా, ఆ లోటును పూరించుటకై 1930లో వుల్ఫ్‌గాంగ్ పౌలీ విద్యుదావేశము లేని ఒక కణమును ఊహించెను. అది కంటబడుటకు ఇరువదియారేండ్లు పట్టినది: 1956లో అమెరికాయందలి సవన్నా నదీతీరపు అణురియాక్టరు చెంత ఫ్రెడరిక్ రైన్స్, క్లైడ్ కోవన్ దాని ఉనికిని నిరూపించిరి. ఇంత అరుదుగా చిక్కుచున్నదనిన అరుదైన వస్తువని తలపరాదు. సూర్యగర్భమున పుట్టిన న్యూట్రినోలు మన దేహముపై ప్రతి చదరపు సెంటీమీటరునుండియు సెకనునకు సుమారు 6,500 కోట్లు దూసికొనిపోవుచున్నవి. రాత్రివేళ అవియే భూగోళమంతయు చీల్చుకొని మన పాదములక్రిందినుండి పైకి వచ్చుచున్నవి. మనము తినెడి అరటిపండులోని పొటాసియమునుండి సైతము ఈ జాతి కణములు నిరంతరము వెలువడుచునే యున్నవి. ఏ పదార్థముతోను పెనగులాడక సాగిపోవు ఆ స్వభావమే వానిని పట్టుట దుర్ఘటము గావించినది.

ఇక కోలారు మాటకు వత్తము. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు వాయుమండలమును తాకినపుడు మ్యూయానులనెడి కణములు పుట్టి వానవలె నేలపై కురియుచుండును. వానితోబాటు న్యూట్రినోలును పుట్టును. మ్యూయానులు రాతిలో ఎంత లోతునకు పోగలవో తెలిసికొనుటకై, హోమీ భాభా ప్రోత్సాహముతో టాటా మౌలిక పరిశోధనసంస్థకు చెందిన బి.వి. శ్రీకంఠన్ 1950వ దశకారంభమున కోలారు గనులలో కొలతలు మొదలిడెను. లోతు పెరిగినకొలది మ్యూయానులు తగ్గుచు వచ్చినవి. తుదకు 1960వ దశకారంభమున మియాకే, నరసింహం, రమణమూర్తిగార్లు సుమారు 2.7 కిలోమీటర్ల లోతున పరికరములనుంచి రెండు మాసములు కాచియుండగా ఒక్క మ్యూయానుకూడ తగులలేదు. సామాన్యుడు దీనిని నిష్ఫలమైన ప్రయోగమనును. శాస్త్రజ్ఞునకు ఆ శూన్యమే పెన్నిధి: మరే కణమును చొరరాని ఆ నిశ్శబ్దములో ఏదైన ఒకటి కదలినచో అది న్యూట్రినోవలన కలిగినదే కావలయును గదా!

ఆ నమ్మికతో టాటా సంస్థయు, జపానునందలి ఒసాకా నగర విశ్వవిద్యాలయమును, ఇంగ్లండునందలి డర్హం విశ్వవిద్యాలయమును కూడి, ఛాంపియన్ రీఫ్ గనిలో 7,600 అడుగుల లోతున ఒక పరిశోధనాగారము నెలకొల్పినవి. ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలను రెండు గోడలవలె ఎదురెదురుగా నిలిపి, వాని నడుమ నియాన్ వాయువు నింపిన గాజుగొట్టములను వరుసలుగా పేర్చిరి. ఆవేశముగల కణము దూసిపోయినచో దాని దారిలోని గొట్టములు మెరయును, కెమెరా ఆ మెరుపుల వరుసను చిత్రించును. పలకలు అట్లు నిలువుగా నుంచుటలో గొప్ప యుక్తి కలదు. పైనుండి నిట్టనిలువుగా వచ్చు మ్యూయాను ఒకవేళ ఆ లోతునకు దిగినను దిగవచ్చును. అడ్డముగా వచ్చినది మాత్రము అనేక కిలోమీటర్ల శిలను దాటి రాజాలదు. కావున అడ్డముగా కనబడిన జాడ, ఆ చుట్టుపట్ల రాతిలోనే న్యూట్రినో ఒకటి తాకిడి పొందగా పుట్టిన మ్యూయానుదే యగును.

1965 వసంతమున అట్టి జాడ దొరకినది. ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, మియాకే, ఆర్నల్డ్ వుల్ఫెండేల్ మున్నగువారి పత్రము ఆ యేడు ఆగస్టు 15న ‘ఫిజిక్స్ లెటర్స్’లో వెలువడినది. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ రాండ్ బంగారు గనిలో అదే అన్వేషణ సాగించుచుండిన రైన్స్ బృందపు పత్రము ఆగస్టు 30న వచ్చినది. రైన్స్ పరికరములు తొలి జాడను ఫిబ్రవరి 23ననే గుర్తించియున్నవి గనుక, చూచుటలో వారును, ప్రకటించుటలో మనవారును ముందు. ఈ కీర్తిని ఇరువురకును సమముగా పంచుటయే న్యాయము. వాయుమండలమున పుట్టిన న్యూట్రినో మానవునకు చిక్కుట ఆ రెండు గనులలోనే మొదటిసారి.

ఈ గెలుపులో గని కార్మికుల భాగము నేను మరువజాలను. అట్టడుగు అంతస్తులలో రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటెడిది. ఒత్తిడికి శిలలు ఒక్కసారిగా బ్రద్దలగుచుండెడివి. ఆ చీకటిలో తరతరములుగా సొరంగములు త్రవ్వి, నీరు తోడి, గాలి నింపి కాపాడిన శ్రామికులు లేనిచో, ఏ దేశపు శాస్త్రజ్ఞుడును అచట ఒక దినమైనను నిలువజాలడు.

కోలారున దొరకిన సంఘటనలు కొలదియే. వాయుమండల న్యూట్రినోలు దాచిన రహస్యము బయలుపడుటకు జపానునందలి కమియోకా గనిలో 50,000 టన్నుల నీటితో నిర్మించిన సూపర్-కమియోకాండే కావలసివచ్చినది. పైనుండి పదునైదు కిలోమీటర్లే నడచివచ్చు మ్యూయాను-న్యూట్రినోలు లెక్కకు సరిపోవుచుండగా, భూగోళమునకు ఆవలిదిక్కున పుట్టి పదమూడువేల కిలోమీటర్లు దాటివచ్చునవి దాదాపు సగమే కనబడుచున్నవని 1998లో తకాకి కజిత ప్రకటించెను. దారిలో అవి వేరొక జాతి న్యూట్రినోలుగా మారుచున్నవి. మారవలెనన్న ద్రవ్యరాశి యుండవలెను. ద్రవ్యరాశి లేదని నమ్మిన సిద్ధాంతము అంతటితో సడలినది. కజితకును, కెనడాలోని సడ్‌బరీ నికెలు గనిలో సూర్యుని న్యూట్రినోల మార్పును నిరూపించిన ఆర్థర్ మెక్‌డొనాల్డునకును 2015లో నోబెల్ బహుమానము లభించినది. అనంతరము దక్షిణధ్రువపు మంచుగడ్డలో ఒక ఘన కిలోమీటరు మేర అమర్చిన ఐస్‌క్యూబ్ సుదూర గెలాక్సీల న్యూట్రినోలను పసిగట్టినది. 2023 ఫిబ్రవరి 13న సిసిలీ చెంత సముద్రగర్భపు పరికరము, అంతకుముందెన్నడును కానరానంత శక్తిగల న్యూట్రినో జాడను నమోదు చేసినది.

మన కథ మాత్రము వేరుదారి పట్టినది. ప్రోటాను క్షయమును వెదకుటకు 1980లో కోలారుననే 140 టన్నుల పరికరము మొదలైనది. అచట అనుమానింపబడిన సంఘటనలు ఇతర ప్రయోగములలో ధ్రువపడలేదు. 1992 నాటికి ఆ ప్రయోగములు ముగిసినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడి, లోతుల యందు నీరు చేరినది. తమిళనాడులోని తేని జిల్లాలో తలపెట్టిన భారత న్యూట్రినో వేధశాలకు 2015లో కేంద్రమంత్రివర్గపు ఆమోదము లభించినను, స్థానికుల ఆందోళనలనడుమ అది ముందుకు సాగలేదు. ప్రజల భయములను ఓర్పుతో విని, తెలిసిన సత్యమును దాపరికము లేక వారియెదుట నుంచక ఇట్టి కార్యములు నెరవేరవని నా దృఢాభిప్రాయము. ఆ నిర్మాణము ఎన్నటికైనను కానిండు; ఈలోగా మన పాఠ్యగ్రంథ రచయితలు కమియోకాకు ముందు కోలారును పేర్కొని, ఆ గనిలో ప్రయోగము సాగించిన శాస్త్రజ్ఞులను, వారిని దింపి రక్షించిన కార్మికులను మన పిల్లలకు పరిచయము చేయవలసినదిగా కోరుచున్నాను.