పద్దున కెక్కని పరిచర్య: గోదావరి తీర క్రైస్తవ సంఘములలో స్త్రీలు

భద్రగిరి చరిత్రము చెప్పబూనినవారు తరచుగా కంచర్ల గోపన్నతో మొదలిడుదురు. స్థలపురాణము నెరిగిన వృద్ధులు మాత్రము పోకల దమ్మక్కతో మొదలిడుదురు. పుట్టయందలి మూర్తులను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నివేదించినది ఆ యడవిపల్లె స్త్రీయేనని జనశ్రుతి. రాతి గోపురము తరువాత లేచినది. ఆ గోపురమునకైన వ్యయము, దానికై గోపన్న పడిన చెర, అన్నియు కథలకెక్కినవి. పందిరి వేసిన చేతులకు మాత్రము ఒక్క వాక్యము దక్కినది.

ఇదే గోదావరి తీరమున పందొమ్మిదవ శతాబ్దిలో వేరూనిన క్రైస్తవ సంఘముల చరిత్రమును చదివినచో ఇట్టి క్రమమే కానవచ్చును. దొరల పేళ్ళు, గురువుల పేళ్ళు, కట్టడముల తేదీలు గ్రంథస్థములైనవి. ఇంటింటికి నడచి, అక్షరములు నేర్పి, రోగులకు గంజి కాచి పోసిన స్త్రీల పేళ్ళు వెదకి పట్టుకొనవలసి యున్నది.

అశ్వారావుపేట వారికి ఈ కథ దూరదేశపు కథ కాదు. పర్ణశాలకు చేరువనున్న దుమ్ముగూడెమున గోదావరికి ఆనకట్ట కట్టి ఎగువకు పడవలు నడుపవలెనని ఆంగ్లేయ ప్రభుత్వము పూనిన దినములలో, ఆ పనులకు అధిపతిగానుండిన కెప్టెను హేగు అను ఇంజనీరు కోయలకు సువార్త చెప్పువారు కావలెనని తలపెట్టెను. 1860లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు నైజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చినవి. పాల్వంచ, అశ్వారావుపేటల వైపు నైజాము ఏలుబడిలోనే నిలిచెను. నడుమ గోదావరియే పొలిమేర. ఆ కాలముననే పనుల శాఖలోని యుద్యోగియగు వెంకట్రామరాజు క్రైస్తవమతము పుచ్చుకొని, కొలువు మాని, కోయలలో బోధకుడయ్యెను. తరువాత జాన్ కెయిన్ అను చర్చి మిషనరీ సంఘపు గురువు దుమ్ముగూడెమున దీర్ఘకాలము నివసించి, 1870 తరువాతి యేండ్లలో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో ఆ తాలూకాలను గూర్చియు కోయల యాచారములను గూర్చియు విస్తారముగా వ్రాసెను. కోయలను గూర్చి వ్రాయబూనిన తరువాతివారు చాలమంది ఆ వ్రాతలమీద ఆధారపడినవారే.

కోయల గూర్చి కెయిన్ దొర వ్రాసినది బహుళము. కెయిన్ దొరసాని నేర్పినదానిని గూర్చి వ్రాసినది స్వల్పము. దుమ్ముగూడెపు స్త్రీలకు లేసు అల్లుట నేర్పినది ఆమెయే. నీటిపనులు మధ్యలో ఆగిపోయినవి, పడవల కల చెదరినది, కాని ఆ తీరపు స్త్రీల చేతిలో సూది నిలిచినది. గోదావరికి దిగువన నరసాపురమునందును 1844 ప్రాంతమున మెక్రే దంపతులు ఇట్లే లేసుపని ప్రారంభించి యుండిరి. అక్కడ అది వర్తకుల చేత పడి ఎగుమతి సరకయ్యెను. ఇంట కూర్చుండి అల్లిన స్త్రీకి కూలియును పేరును రెండును తక్కువగానే దక్కినవని మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ఒక గ్రంథమే వెలువరించెను.

కూటములకు పురుషులు వచ్చిరి, ఉపదేశి మాటలు వినిరి, తల యూపిరి. కాని పరాయి పురుషుని యెదుట నిలిచి మాటలాడు వాడుక ఆ కాలపు పల్లెస్త్రీలలో చాలమందికి లేదు. ఘోషా యింటి స్త్రీలకు గుమ్మము దాటుటయే లేదు. ఇల్లాలు ఒప్పనిది ఇల్లు మారదు. ఇంటి దేవరను, మొక్కుబడిని, పురుటి మైలను, పెండ్లి ముహూర్తమును చేతిలో నుంచుకొన్నది ఇల్లాలే గదా! అందుచేత మిషనులకు స్త్రీల యవసరము పడినది. ఆ యవసరమునుండి పుట్టినదే ‘బైబిలు స్త్రీ’ యను ఉద్యోగము. 1857లో లండను పేటలలో ఎలెన్ రన్యార్డ్ అను నామె పేద స్త్రీలనే పేదల యిండ్లకు పంపుట ప్రారంభించెను. ఆ పేరే సముద్రము దాటి వచ్చి తెలుగునాట స్థిరపడెను. పల్లెలలో ఆమెను బైబిలమ్మ అనిరి.

బైబిలమ్మ తరచుగా వితంతువు. సంచిలో ఒక పుస్తకము, పలక, బలపము, కొన్ని మందుపొట్లములు. ఉదయము ఒక పేట, సాయంకాలము మరియొక పేట. కొన్ని యిండ్లలో పీట వేయుదురు, కొన్ని యిండ్లలో వాకిటనే నిలిపి పంపుదురు. కథ చెప్పును, కీర్తన పాడును, చదువ గోరిన పిల్లకు ఓనమాలు దిద్దించును. బిడ్డకు జ్వరము తగిలిన ఆసుపత్రికి తీసికొనిపొమ్మని వాదించును. ఆమెకిచ్చు జీతము మాత్రము అల్పమే. ఈ దినమున గ్రంథాలయమున చందా కట్టి పుస్తకము తీసికొనిపోవు ఆడువారిలో కొందరి ముత్తవ్వలకు తొలి యక్షరము ఇట్టి వాకిటి బడిలోనే వచ్చి యుండునన్నచో అతిశయోక్తి కాజాలదు.

ఆ పేళ్ళు ఎట్లు నమోదైనవో చూడుడు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు వద్ద ఒక కొండ నెక్కి అయిదుగురు ప్రార్థించిరని బాప్టిస్టు సంఘములవారు నేటికిని చెప్పుకొందురు. ఆ కొండకు ప్రార్థన కొండ యనియే పేరు. ఆ అయిదుగురిలో ఇద్దరు పురుషులు: లైమన్ జ్యూయెట్ దొర, క్రిస్టియన్ నర్సు. తక్కిన మువ్వురు స్త్రీలు: దొరసాని, జూలియా, రూతు. తెలుగు స్త్రీలైన జూలియా రూతులకు మిగిలినది బాప్తిస్మపు పేరొక్కటే, ఇంటిపేరులేదు, ఊరిపేరులేదు. కరణములున్న దినములలో కరణము వ్రాసిన అడంగలులో ఇట్టి నమోదు చూచినచో తనిఖీదారు వెంటనే ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టియుండును.

ఇక దోర్నకల్లు విషయము కొంత నిలిచి చెప్పదగినది. నైజాము రాజ్యమున రైలుమార్గములు కలిసిన ఈ యూరికి తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో స్థాపించుకొన్న భారత మిషనరీ సంఘము తన బోధకులను పంపెను. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తామే అక్కడికి తరలివచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు పట్టము పొందిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడాయనయే. 1945 జనవరి 1న మరణించువరకు దోర్నకల్లే ఆయన పీఠము. ఈ విషయము చాలమందికి తెలిసినదే. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ కథ తక్కువమందికి తెలియును. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలితరమువారిలో ఆమె యొకతె. 1898లో వివాహము. తమిళదేశమునుండి వచ్చి, తెలుగు నేర్చి, గుడిసెలలో కూర్చుండి తెలుగు పల్లెస్త్రీలకు బోధించినది.

దోర్నకల్లున ఉపదేశకులను తరిఫీదు చేసిన పద్ధతి మెచ్చదగినది. బోధకుడు కాదలచినవాడు భార్యతో గూడ వచ్చి యుండవలెను. అతడు చదువుచున్నంతకాలము ఆమెయును చదువవలెను. పూరిండ్లలో కాపురము, పొలము పని, పాఠము, ప్రార్థన అన్నియు జంటగానే. ఈ యేర్పాటులోని లౌక్యము గమనింపదగినది. పల్లెకు ఒక్క పంతులును పంపినచో సగము పల్లెకే బడి పెట్టినట్లు. పంతులుతోబాటు పంతులమ్మ వెళ్ళినచో తక్కిన సగమునకును తలుపు తెరచినట్లు. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన. ఈ రెంటినడుమ పంతులమ్మ వాకిటిలో స్త్రీల కూటము. ప్రార్థనలు కంఠస్థము చేయించుట, బాప్తిస్మమునకు స్త్రీలను సిద్ధపరచుట, పురిటిగదిని శుభ్రముగా నుంచుమని చెప్పుట, బాల్యవివాహము వలదని వాదించుట ఆమె పనులు. జీతపు పట్టీలో పేరు పంతులుది. జీతమొకటి, పని యిద్దరిది! సంఘ పెద్దలు దీనిని పొదుపని తలచిరేమో గాని, లెక్క తెలిసినవాడు దీనిని బాకీ యనును.

1876లో మేరీ సమ్నర్ అను నామె ఇంగ్లండున స్థాపించిన తల్లుల సమాజము దోర్నకల్లు అధ్యక్షమండలమున బలముగా నాటుకొన్నది అన్బు అజరయ్య పూనికచేతనే. ఇంగ్లండున అది గొప్పయింటి స్త్రీల టీ విందులతోను పెరిగినది. ఇక్కడ నాటుకూలి చేసివచ్చిన మాల మాదిగ స్త్రీలు బురద కాళ్ళు కడుగుకొని కూర్చుండిన సమాజము. ఏటేట జరిగిన సాక్ష్యవారమునందు బాప్తిస్మము పొందిన ప్రతివారును, స్త్రీపురుష భేదము లేక, పొరుగు పల్లెలకు పోయి తమ విశ్వాసమును చెప్పవలెనను నియమముండెను. తలమీద చేయి పెట్టుకొని ప్రమాణము చేసి బయలుదేరిన ఆ స్త్రీలు పలువురు చదువు రానివారు. ఊరి బావియొద్ద నోరెత్తుటకే వెరచిన వారు పరాయి పల్లె నడివీధిలో నిలిచి మాటలాడిరి.

పిడికెడు బియ్యమును గూర్చి చెప్పక ఈ విషయము పూర్తికాదు. అన్నము వండబోవు ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయకమునుపు పిడికెడు తీసి వేరు కుండలో వేయును. ఆదివారము ఆ బియ్యము గుడికి తెచ్చి పోయును. అజరయ్యగారు క్రైస్తవ దానధర్మమును గూర్చి గ్రంథమే రచించిరి. ఆ గ్రంథమున చెప్పిన ధర్మము నడిచినది ఈ కుండలవలననే. లెక్కకు ఒక పల్లెలో ఇరువది గడపలనుకొందము. పూటకు పిడికెడు చొప్పున దినమునకు 40 పిడికిళ్ళు, మాసమునకు 1200. బోధకుని కడుపు నిండుటకు ఇది చాలును. కరవు దినములలో మగని కానుక ఆగిపోవచ్చును గాని, పొయ్యి వెలిగినంతకాలము ఈ కుండ ఆగదు. దీని విశేషమేమనగా, పరుల దయమీద ఆధారపడక సంఘము తన కాళ్ళమీద తాను నిలుచుటకు ఆధారమైన ద్రవ్యము, తన చేత కాసులేని స్త్రీ తన వంతు అన్నమునుండి తీసినది. పద్దులో అది యింటి యజమానుని పేర ‘బియ్యము’ అని జమయైనది.

వైద్యసేవను గూర్చి క్లుప్తముగా చెప్పిన చాలును, అది ప్రసిద్ధము. 1883లో గుంటూరు వచ్చిన లూథరను వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల యాసుపత్రి తెరచి, 1930లో ఆ యూరనే కన్నుమూసినది. కథోలికులలో హాలెండునుండి జె.ఎం.జె. సన్యాసినులు 1904లో గుంటూరు చేరిరి. ఆస్ట్రేలియానుండి 1920లో వచ్చిన మేరీ గ్లౌరీ వైద్యురాలగు సన్యాసిని, 1943లో దేశమందలి కథోలిక ఆసుపత్రుల సంఘమునకు పునాది వేసినది. వీరి పేళ్ళు నిలిచినవి. వీరి యొద్ద నర్సులుగా తరిఫీదై పల్లెలకు తరలిన తెలుగు కన్యల పేళ్ళు అంతగా నిలువలేదు.

ఇంత చేసిన స్త్రీ బలిపీఠమునొద్ద ఎందుకు నిలువరాదు? ఈ ప్రశ్న అడుగుటకు సంఘమునకు చాలకాలము పట్టినది. సంఘములో స్త్రీలు మౌనముగా నుండవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను పెద్దలు ఎత్తిచూపిరి. అదే పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో కెంక్రేయ సంఘ పరిచారకురాలగు ఫీబేను చేర్చుకొనుడని సిఫారసు చేసెను. అకులకు ముందుగా ప్రిస్కిల్లను పేర్కొనెను. శాస్త్రవాదములలో ఒక వాక్యమును పట్టుకొని తక్కినవి విడుచుట అన్ని మతముల పండితులకును అలవాటే. యుద్ధకాలమున గురువు లేని మకావు సంఘమునకై 1944లో హాంకాంగు బిషప్పు ఫ్లారెన్స్ లీ టిమ్-ఓయి అను చైనా స్త్రీకి గురుపట్టమిచ్చెను. యుద్ధము ముగియగానే అభ్యంతరములు లేచుటచే ఆమె 1946లో అధికారపత్రమును విడిచిపెట్టవలసి వచ్చెను. ఆపదలో పనికివచ్చిన చేతులు శాంతిలో పనికిరాకపోయినవి. ఇంగ్లండు సంఘమే స్త్రీలకు గురుపట్టమిచ్చుటకు 1994 వరకు ఆగెను.

దక్షిణ ఇండియా ఐక్యసంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన తరువాత, దోర్నకల్లు ప్రాంతమున ఏండ్లతరబడి పనిచేసి అజరయ్య చరిత్రము వ్రాసిన కరోల్ గ్రాహం అను నామె ముందు నిలిచి, 1952లో సహోదరీ సమాజమును నెలకొల్పుటకు తోడ్పడినది. విదేశస్త్రీలును స్వదేశస్త్రీలును అందు సమముగా చేరిరి. 1976లో ఎలిజబెత్ పాల్ ఐక్యసంఘమున గురుపట్టము పొందిన తొలి స్త్రీ యైనది.

నంద్యాల కథ ఇంకను విచిత్రము. ఆ ప్రాంతపు సంఘములు ఒకప్పుడు అజరయ్యగారి దోర్నకల్లు మండలములోనివే. 1947లో అచటివారిలో పెక్కురు ఐక్యసంఘమున చేరనొల్లక పాత ఆంగ్లికను పద్ధతిని పట్టుకొని వెలుపల నిలిచిరి; 1975లోగాని వచ్చి చేరలేదు. అంత పట్టుదలతో పాతదానిని కాపాడుకొన్న ఆ నంద్యాలకే 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషిక్తురాలైనది. దక్షిణ ఇండియా సంఘమున ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ ఆమెయే. దుమ్ముగూడెమున కోయలకు తొలి బోధ జరిగిన నాటినుండి లెక్కించినచో నూటయేబది యేండ్లు దాటినవి.

పల్లెసంఘములలో పని పూర్వమువలెనే సాగుచున్నది. స్త్రీల మైత్రి కూటములు, రోగుల పరామర్శ, గుడి ఊడ్చుట, పిడికెడు బియ్యము వారివే. బైబిలమ్మను కన్నులార చూచిన ముసలివారు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోవుచున్నారు. సంఘముల పాత బాప్తిస్మపు రిజిస్టరులలోను, చందా పుస్తకములలోను ‘ఫలానావాని భార్య’ అని యున్నచోట ఆ భార్య పేరేమో చెప్పగలవారు ఇంకను కొందరున్నారు. ఈ గ్రంథాలయమున ఒక దళసరి నోటుపుస్తకము కేటాయించి, వారివద్దకు పలక పట్టిన పిల్లలను పంపి, ఇంటిపేరుతోను ఊరిపేరుతోను వ్రాయించి భద్రపరచినచో, ఆ పద్దు ఇప్పటికైనను సరిచేయవచ్చును.