ఒమారా పోర్తువోందో

ఒమారా పోర్తువోందో క్యూబా గాయని. 1930 అక్టోబరు 29న హవానాలో పుట్టారు. బొలేరో, ఫిలిన్ పాటలకు పెట్టింది పేరు. 1997లో ‘బ్వేనా విస్తా సోషల్ క్లబ్’ ఆల్బం ఆమె గొంతును ప్రపంచానికంతటికీ వినిపించేనాటికి ఆమెకు అరవై ఆరేళ్లు. మరుగునపడిన గాయని ఆ ఆల్బంతో వెలుగులోకి వచ్చిందని చాలామంది రాశారు. పాట మానేసి చెప్పులు పాలిష్ చేస్తూ బతికిన సహగాయకుడు ఇబ్రహీం ఫెర్రర్ విషయంలో ఆ మాట నిజం. ఒమారా విషయంలో కాదు. సొంతగడ్డ మీద ఆమె పాట ఎన్నడూ ఆగలేదు.

తండ్రి బార్తోలొమే నల్లజాతివాడు, పేరున్న బేస్‌బాల్ ఆటగాడు. తల్లిది స్పానిష్ మూలాలున్న సంపన్న కుటుంబం. అలాంటి పెళ్లిని ఆనాటి హవానా సమాజం హర్షించేది కాదు. వీధిలో భర్త ఎదురుపడితే ఆమె పరిచయం లేనట్టే నడిచి వెళ్లేవారట. ఇంట్లో మాత్రం ఇద్దరూ కలిసి పాడుకునేవారు. మరియా తెరేసా వేరా స్వరపరిచిన ‘వేయింతే ఆన్యోస్’ పాటను, అంటే ‘ఇరవై ఏళ్లు’ను, ఒమారా అలా తల్లిదండ్రుల నోట విని నేర్చుకున్నారు.

రంగప్రవేశం పాటతో కాదు, నాట్యంతో జరిగింది. 1939లో తెరిచిన ట్రోపికానా హవానా కాబరేలన్నిటిలోకీ ప్రసిద్ధమైనది. చెట్ల మధ్య ఆరుబయట వేదిక, ఈకల కిరీటాలు, పెద్ద వాద్యబృందం దాని ప్రత్యేకతలు. అక్క హైదే అక్కడ నర్తకి. 1950 ప్రాంతంలో, కొత్త ప్రదర్శన రెండు రోజుల్లో ఉందనగా ఒక నర్తకి మానేసింది. అక్క సాధన చూస్తూ అడుగులన్నీ నేర్చేసుకున్న చెల్లెల్ని రమ్మన్నారు. కాళ్లు కనబడే దుస్తులు వేసుకోవడానికి సిగ్గుపడిన ఆ పిల్లకు నచ్చజెప్పి పంపింది తల్లే.

రాత్రి ట్రోపికానాలో నాట్యం, తీరిక దొరికితే స్నేహితుల ఇళ్లలో పాట. ఆ ఇళ్లలోనే ఫిలిన్ పుట్టింది. అనుభూతి అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట ‘ఫీలింగ్’ క్యూబా ఉచ్చారణలో అలా మారింది. బొలేరో ప్రేమగీతానికి అమెరికన్ జాజ్ స్వరమేళనను జోడించి, గిటారు మీద, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడే పద్ధతి ఇది. సెసార్ పోర్తియో దె లా లూస్, హోసే అంతోనియో మెందెస్ దీనికి ఆద్యులు. అంధ పియానో కళాకారుడు ఫ్రాంక్ ఎమీలియో ఫ్లిన్ ఉన్న ‘లోకిబాంబియా’ బృందంతో రేడియోలో పాడినప్పుడు ఆమెను ‘ఒమారా బ్రౌన్, ఫిలిన్ ప్రియురాలు’ అని పరిచయం చేశారు. ఒమారా గానంలోని అసలు విశేషం ఇక్కడే ఉంది. వేల దీపాల కాబరేలో నిలబడి కూడా ఆమె గొంతు పెంచి మెప్పించే దారి పట్టలేదు. తాళానికి రవ్వంత వెనకగా మాటను జారవిడిచి, వినేవారినే తన దగ్గరికి రప్పించుకున్నారు.

1952లో పియానో కళాకారిణి ఐదా దియెస్త్రో నలుగురు యువతులతో ‘క్వార్తేతో దాయిదా’ను కట్టారు. ఒమారా, హైదేలతో పాటు ఎలేనా బర్క్, మొరాయిమా సెకాదా అందులో ఉన్నారు. ఈ బృందం ట్రోపికానాలో అమెరికన్ గాయకుడు నాట్ కింగ్ కోల్‌తో వేదిక పంచుకుంది, అమెరికాలోనూ పర్యటించింది. ఒమారా తొలి సొంత ఆల్బం ‘మాహియా నేగ్రా’ 1959లో వచ్చింది. క్యూబా విప్లవం గెలిచిన సంవత్సరం కూడా అదే. 1960ల ఆరంభంలో క్యూబా, అమెరికా సంబంధాలు తెగేనాటికి బృందం మయామీలో పాడుతోంది. హైదే అక్కడే ఉండిపోయారు, ఒమారా హవానాకు తిరిగి వచ్చారు. ఒకే వేదిక మీద పెరిగిన అక్కాచెల్లెళ్ల మధ్యకు సముద్రం వచ్చి చేరింది.

1967లో ఒమారా బృందాన్ని విడిచి ఒంటరిగా పాడటం మొదలుపెట్టారు. 1970లలో ప్రసిద్ధ వాద్యబృందం ‘ఓర్కెస్తా అరాగాన్’తో కలిసి పాడారు. దర్శకుడు ఫెర్నాందో పెరెస్ 1983లోనే ఆమెపై డాక్యుమెంటరీ తీశారు.

1996లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్ హవానాలోని ఎగ్రెం స్టూడియోలో పెద్దతరం సంగీతకారులతో రికార్డింగు చేస్తుండగా, అదే భవనంలో వేరే పని మీద ఉన్న ఒమారాను పిలిచారు. ఆ సంగీతకారుల్లో ఒకరైన కొంపాయ్ సెగుందోతో కలిసి ఆమె ఎత్తుకున్న పాట ‘వేయింతే ఆన్యోస్’, అమ్మానాన్నల పాట. అలా తయారైన ‘బ్వేనా విస్తా సోషల్ క్లబ్’ ఆల్బం గ్రామీ గెలుచుకుంది. ఆ బృందంపై దర్శకుడు విమ్ వెండర్స్ తీసిన 1999 చిత్రంలో ఫెర్రర్‌తో పాడుతూ ఆమె కంటతడి పెట్టడం, ఆయన ఆ కన్నీరు తుడవడం చూసినవారు మరిచిపోలేరు.

‘గ్రాసియాస్’ ఆల్బానికి 2009లో లాటిన్ గ్రామీ వచ్చింది. 2015లో బ్వేనా విస్తా బృందంతో వైట్‌హౌస్‌లో పాడారు. 2019లో లాటిన్ గ్రామీ జీవితకాల పురస్కారం అందుకున్నారు. అదే ఏడాది ‘చివరి ముద్దు’ పేరుతో వీడ్కోలు పర్యటనకు బయల్దేరారు. అయినా 2023లో, తొంభై దాటిన వయసులో, మరో ఆల్బం వచ్చింది. దాని పేరు ‘వీదా’, అంటే జీవితం.