మంచు తోసే బ్లేడు, మన్ను తోసే బ్లేడు



డోంగ్లిలో మంచు కురవదు. మద్నూరు మండలం నుంచి విడివడి ఈ మధ్యనే మండలమైన ఈ ఊరు తెలంగాణకు ఒక మూలన ఉన్నది. పొద్దున సంతకు బయలుదేరిన మనిషి నాలుగు అడుగులు అటు వేస్తే మరాఠీ, ఇటు వేస్తే తెలుగు, ఇంకొంచెం పక్కకు పోతే కన్నడం వినవస్తుంది. ఈ దిక్కునే ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా నాందేడు జిల్లా దేగ్లూరు తాలూకాలో ఉండేవి. రాష్ట్రాలను భాషలవారీగా విడదీసినప్పుడు ఇటు వచ్చినవి. నేల మాత్రం గీతలు గీసినవారి మాట వినలేదు. గట్టుకు అటూ ఇటూ అదే నల్లరేగడి, అదే సోయా, అదే కంది, అదే పత్తి. ఇట్లాంటి చోట కూర్చుని మంచు తోసే నాగలిని గురించి మాట్లాడుకోవడమేమిటని మీకు తోచవచ్చు. కారణం ఉన్నది. చలిదేశంలో చిన్న ట్రాక్టరు లోడరుకు మంచు బ్లేడును ఎట్లా తగిలిస్తారో, మన చేలో మన్ను తోసే బ్లేడును కూడా అట్లాగే తగిలిస్తారు. అదే నూనె, అదే పైపు, అదే జాకీ. ప్రమాదమూ అదే.

బండికి పనిముట్టును తగిలించే సంగతి ఎద్దులతో మొదలైనది. కాడి, నొగ, మేడి, కర్రు, వీటికి తాడు తప్ప మరో బంధం లేదు. నాగలి రాయికి తట్టుకుంటే ఎద్దు ఆగుతుంది. ఎద్దుకు తెలివి ఉన్నది గదా! ట్రాక్టరుకు ఆ తెలివి లేదు. 1917లో హెన్రీ ఫోర్డు ఫోర్డ్‌సన్ అనే ట్రాక్టరును అమ్మకానికి తెచ్చినాడు. చవకగా దొరికినందువల్ల లక్షల సంఖ్యలో పోయినది. అయితే దాని వెనుక నాగలిని గొలుసుతో కట్టి లాగేవారు. నాగలి రాయికి చిక్కినా ఇంజను ఆగేది కాదు. వెనుక చక్రాలు అక్కడే నిలబడితే ముందుభాగం పైకి లేచి, బండి డ్రైవరు మీదికి వెనక్కు తిరగబడేది. ఆ విధంగా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అదే 1917లో ఐర్లండులో హారీ ఫెర్గూసన్ అనే మెకానిక్కుకు ప్రభుత్వ వ్యవసాయశాఖ వారు ట్రాక్టర్ల పని ఎట్లా సాగుతున్నదో చూసిరమ్మని చెప్పినారు. యుద్ధకాలం, తిండిగింజలకు కరువు. ఆయన ఊరూరా తిరిగి చూసి, లోపం ట్రాక్టరులోనూ లేదు, నాగలిలోనూ లేదు, రెంటి మధ్య ఉన్న బంధంలో ఉన్నదని తేల్చుకున్నాడు. ఒక మనిషి తన జీవితమంతా ఒక కొక్కెం మీద ఖర్చుపెట్టినాడంటే నవ్వు రావచ్చు గాని, జరిగినది అదే. నాగలిని లాగుడుబండిలా వేలాడదీయకుండా ట్రాక్టరుకు అంగంగా చేసినాడు. కింద రెండు చేతులు, పైన ఒక లింకు, మూడుచోట్ల పట్టు. పైకెత్తడానికీ, లోతు సరిచేయడానికీ నూనె ఒత్తిడి. 1926లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు మీ ట్రాక్టరు వెనుక మీరు రోటవేటరును తగిలించే మూడు పిన్నులు అవే.

1938లో ఫెర్గూసన్ తన ట్రాక్టరును అమెరికాకు తీసుకుపోయి ఫోర్డుకు చూపించినాడు. ఇద్దరూ కాగితం లేకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939 నుంచి ఫోర్డు ట్రాక్టర్లకు ఫెర్గూసన్ పద్ధతి పెట్టినారు. ఫోర్డు మనుమడి కాలం వచ్చేసరికి 1947లో ఆ చేతి ఒప్పందం తెగిపోయినది. ఫెర్గూసన్ కోర్టుకు పోయినాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరినది. కాగితం లేని బేరం ఎంత పెద్దవారికైనా బేరం కాదని మన పెద్దలు చెప్పేది సీమలోనూ నిజమైనది. మరుసటి ఏడు ఫెర్గూసన్ కంపెనీ మాసీ-హారిస్‌తో కలిసిపోయినది. ఆ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లే 1960 తర్వాత మద్రాసులో టాఫే వారి ఫ్యాక్టరీలో తయారై మన దక్షిణదేశపు పల్లెలకు వచ్చినవి.

ఇదంతా వెనుక భాగపు కథ. ముందు భాగానికి వేరే కథ ఉన్నది.

1923లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో మొరోవిల్ అనే చిన్న ఊళ్లో కమ్మింగ్స్ అనే రైతుబిడ్డ, మెక్లియోడ్ అనే నక్షాలు గీసే మనిషి కలిసి, చమురు గొట్టాలు పాతిన కందకాలను పూడ్చడానికి ఒక ట్రాక్టరు ముందు వెడల్పాటి పలకను బిగించినారు. పాత గాలిమర విరుగుడు సామాను కూడా అందులో వాడినారు. 1925లో దానికి పేటెంటు దొరికినది. మనం బుల్‌డోజర్ అంటున్నది దాని సంతతి. తొలిరోజుల్లో ఇట్లాంటి పలకలను తాళ్లతో, గిలకలతో పైకెత్తేవారు. తాడు ఎత్తగలదు గాని కిందికి అదమలేదు. పలక తన బరువుతో ఎంత దిగితే అంతే. నూనె జాకీ వచ్చిన తర్వాతనే ఎత్తడమూ, అదమడమూ, పక్కకు తిప్పడమూ మనిషి చేతిలోకి వచ్చినవి.

1945లో ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆయన చిన్న షెడ్డులో పని మొదలుపెట్టి, 1949లో ట్రాక్టరు ముందు హైడ్రాలిక్ లోడరు పెట్టినాడు. ఆ మనిషి పేరులోని మూడు అక్షరాలే జేసీబీ. ఇప్పుడు మన పల్లెల్లో ఏ కంపెనీ తవ్వుడు బండి వచ్చినా పిల్లలు జేసీబీ వచ్చిందని పరుగెత్తుతారు.

మన దేశంలో మన్ను తోసే ట్రాక్టరు మొదట పెద్దఎత్తున కనిపించినది యుద్ధం ముగిసిన తర్వాత. అమెరికా సైన్యం వదలిపోయిన ట్రాక్టర్లతో కేంద్రప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను ఏర్పాటు చేసినది. మధ్యభారతంలో రెల్లుగడ్డి వేళ్లు లోతుగా పట్టి, ఎద్దుల నాగలికి లొంగని భూములు లక్షల ఎకరాలు బీడుపడి ఉండేవి. వాటిని పెళ్లగించడానికి కావలసిన యంత్రాలకోసం 1949లో ప్రపంచబ్యాంకు కోటి డాలర్లు అప్పు ఇచ్చినది. 1955లో నర్మద ఒడ్డున బుదనీలో ట్రాక్టరు శిక్షణ కేంద్రం వెలిసినది. దక్షిణాది రైతులకు అట్లాంటిదే 1983లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో పెట్టినారు.

మన కామారెడ్డి ప్రాంతంలో మన్ను కదిలించడం కొత్త కాదు. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టినారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పేరు ఆ కట్టతో ముడిపడి ఉన్నది. ఇక 2015 మార్చి 12న సదాశివనగర్ పాతచెరువు దగ్గర మిషన్ కాకతీయ మొదలైనది. రాష్ట్రంలో 46,531 చెరువుల లెక్క తీసినారు. తవ్వేది యంత్రం, మోసేది రైతు ట్రాలీ. చెరువు ఒండ్రును చేలో కుప్పలు పోసిన తర్వాత దానిని చేనంతా పరచాలి గదా. తట్టలతో పరిస్తే వారం పడుతుంది. అక్కడికి వచ్చినది ట్రాక్టరు ముందున్న బ్లేడు. ఒకప్పుడు ఎద్దులకు జంబు కట్టి, దానిమీద మనిషి నిలబడి మడి చదును చేసేవాడు. ఇప్పుడు బ్లేడు ట్రాక్టరును గంటకింత అని కిరాయికి పిలుస్తున్నాము.

ఇప్పుడు మంచు దగ్గరకు పోదాం. మంచుదేశాల్లో రాత్రికి రాత్రి మోకాటిలోతు మంచు పడితే తెల్లవారి ఇంట్లోనుంచి బండి బయటికి తీయలేరు. ఒకప్పుడు గుర్రాలతో నాగలి లాగించి దారి తీసేవారు. 1920 ప్రాంతాలలో లారీల ముందు పలకలు వచ్చినవి. ఇళ్లముందు, చిన్న కమతాల్లో ఆ పని చేసేది మాత్రం చిన్న ట్రాక్టరు. ఒక వింత చూడండి. ఆ చిన్న ట్రాక్టరు అమెరికాలో పుట్టలేదు. జపానులో, మన మడికట్లవంటి చిన్నచిన్న వరిమళ్లకోసం కుబోటా కంపెనీ చేసిన రకానికి అది వారసురాలు. 1969 నుంచి అమెరికాకు పోయినది. వరిమడిలో పుట్టిన బండి అక్కడ మంచు తోస్తున్నది! మన వాళ్ల పిల్లలు ఆ దేశాల్లో ఉన్నవారు ఫోనులో చెప్పే మంచు కబుర్లలో ఈ బండి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మన దేశంలోనూ శ్రీనగరు నుంచి లేహ్‌కు పోయే దారిలో జోజిలా కనుమ మీద, 11,500 అడుగులకు పైన, 1960లో ఏర్పడిన సరిహద్దు రోడ్ల సంస్థవారు ఏటా పెద్ద డోజర్లతో మంచు తొలగిస్తున్నారు.

ఆ చిన్న బండి లోడరుకు మామూలుగా రెండే పనులు తెలుసు. చేతులు పైకి కిందికి, తొట్టి ముందుకు వెనక్కు. మంచు బ్లేడుకు మూడో పని కూడా కావాలి, ఎడమకు కుడికి ఓరగా తిరగాలి. లేకపోతే తోసిన మంచు ముందే పేరుకుంటుంది. ఈ మూడో పనికి నూనె ఎక్కడనుంచి తేవాలి? కొందరు తొట్టి పైపులను విప్పి బ్లేడు జాకీలకు పెడతారు. ఖర్చు తక్కువ గాని తొట్టి కదలిక పోతుంది. కొందరు ట్రాక్టరు వెనుకనున్న నూనె కప్లింగుల నుంచి పొడవాటి పైపులు ముందుకు లాగుతారు. మూడోది, లోడరు దారిలోనే ఇంకొక వాల్వు పెట్టి, మీట మీద బొత్తాం నొక్కితే అదే నూనె తొట్టికి కాకుండా బ్లేడుకు పోయేటట్టు చేయడం. నా మట్టుకు, పని ఎప్పుడో ఒకప్పుడే ఉన్నవారికి వెనుక కప్లింగులే మేలు. రోజూ కిరాయికి తిప్పేవారికి వాల్వు ఖర్చు గిట్టుతుంది.

నూనె బలం ఎంతో అంచనా ఉండాలి. ట్రాక్టరు హైడ్రాలిక్‌లో చదరపు సెంటీమీటరుకు సుమారు 150 నుంచి 200 కిలోల ఒత్తిడి ఉంటుంది. జాకీ లోపల 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటే, 150 కిలోల ఒత్తిడి మీద కూడా అది దాదాపు 3 టన్నుల తోపు ఇస్తుంది. ఒక చిన్న జాకీ మాట ఇది! అందువల్ల పైపు తగిలించేటప్పుడు బ్లేడును నేలమీద దించాలి. ఇంజను ఆపి, మీటలను అన్ని దిక్కులకు ఆడించి పైపులలో నిలిచిన ఒత్తిడిని పోగొట్టాలి. ఆ పని చేయకుండా సుత్తెతో కొట్టి కప్లింగు ఎక్కించేవారిని చూస్తుంటాము. ఎక్కనిది ఇనుము మొండితనం వల్ల కాదు, లోపలి ఒత్తిడి వల్ల. నల్లరేగడి దుమ్ము అంటిన కప్లింగును తుడవకుండా ఎక్కిస్తే ఆ దుమ్ము నూనెలో కలిసి పంపును తింటుంది. కొత్త జాకీలు కొంత నూనె తాగుతాయి గనుక నాలుగుసార్లు మెల్లగా ఆడించి గాలి పోనిచ్చి, మళ్లీ నూనెమట్టం చూడాలి. బ్లేడును పూర్తిగా ఎత్తి, పూర్తిగా తిప్పి, పైపు ఎక్కడైనా బిగుసుకుంటున్నదా, నలుగుతున్నదా అని కూడా అప్పుడే చూడాలి.

దీనికన్నా పెద్ద సంగతి ఒకటున్నది. పైపుకు సూదిమొనంత రంధ్రం పడితే అందులోనుంచి వచ్చే నూనె కంటికి సరిగా ఆనదు. ఎక్కడ కారుతున్నదో అని చేతితో తడిమితే ఆ నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన చూస్తే ముల్లు గుచ్చుకున్నంత గుర్తు, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. కొన్ని గంటలకు చెయ్యి ఉబ్బి నల్లబడుతుంది. వేలు తీసేయవలసి రావచ్చు, చెయ్యే పోవచ్చు. పసుపు రాసి పడుకోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోయి, ఒత్తిడి మీద హైడ్రాలిక్ నూనె లోపలికి పోయినదని స్పష్టంగా చెప్పండి. అది శస్త్రచికిత్స చేయవలసిన గాయం. కారుడు వెతకడానికి అట్టముక్కో చెక్కముక్కో అడ్డం పెట్టండి. ఎత్తిన బ్లేడు కిందికి, ఎంత అవసరమైనా, ఆనిక పెట్టకుండా దూరవద్దు. పైపు తెగిన నాడు జాకీ ఎవరినీ ఎరుగదు.

మంచు బ్లేడు చేసినవారు ఇంకొకటి ఆలోచించినారు. మంచు కింద రాయి కనిపించదు. బ్లేడు తట్టుకున్నప్పుడు ముందుకు ఒరిగి, తిరిగి లేవడానికి స్ప్రింగులు పెట్టినారు. ఓరకు దెబ్బ తగిలితే జాకీ పగలకుండా నూనె ఒక పక్కనుంచి ఇంకొక పక్కకు పోయే రక్షణ వాల్వు పెట్టినారు. ఫెర్గూసన్‌ను వేధించిన రాయి ఇక్కడా ఉన్నది చూడండి. మన దగ్గర వెల్డింగు షాపులో చేయించే బ్లేడులకు ఈ రెండూ లేకపోతే, రాయి దెబ్బంతా లోడరు చేతులమీద పడి అవి మెలిపడతాయి. అసలు లోడరు చేతులు ఎత్తడానికి చేసినవి, తోయడానికి కావు. మన్ను తోసే పనికి బ్లేడు బలం బండి నడుముకు, వెనుక ఇరుసుకు చేరేటట్టు కింద చట్రం ఉండాలి. మంచు తేలిక, తడిసిన రేగడి బరువు. 25 గుర్రాల బండిమీద పెద్ద బండి బ్లేడు పెట్టించుకుంటే ముందు ఇరుసు బతకదు.

ఇంక చేను మాట. మంచు తోసినవాడు కింద గట్టి రోడ్డు వచ్చేదాకా తోస్తాడు. చేలో ఆ లెక్క పనికిరాదు. పైనున్న జానెడు మన్నులోనే పంట బలమంతా ఉంటుంది. మిట్టను గీకి పల్లంలో పోస్తే మిట్ట మీద చౌడో మొరమో తేలి, మూడు నాలుగు పంటలు అక్కడ పైరు పాలిపోతుంది. డోంగ్లి వైపు రేగడి లోతుగా ఉన్నచోట కొంత ఓర్చుకోవచ్చు. చెల్క భూములలో ఓర్చుకోలేరు. అందుకని మొదట పైమన్నును ఒక పక్కకు తోయించి పెట్టి, కింది మన్నును చదును చేయించి, ఆ తరువాత పైమన్నును తిరిగి పరిపించండి. దానికి కిరాయి గంటలు ఎక్కువ పడతాయి, డ్రైవరు విసుక్కుంటాడు. మాట ముందే చేసుకోండి. బేరమాడేటప్పుడు గంటకెంత అని ఒక్కటే అడగక, బ్లేడుకు స్ప్రింగు ఉన్నదా, పైపులు ఎప్పుడు మార్చినావని కూడా అడగండి. పైపు పైతోలు పగిలి లోపలి తీగ కనిపిస్తుంటే ఆ బండిని ఆ పూటకు వెనక్కు పంపడమే మంచిది.