నాగము – డ్రాగను

చీనా యాత్రికుఁడగు ఫాహియాను క్రీ. శ. 5వ శతాబ్దారంభమున భారతదేశమును దర్శించి వ్రాసిన గ్రంథము ఐరోపీయులకు మొదట ఫ్రెంచిభాషామూలముననే తెలిసెను. ఆబెల్ రెమ్యుజా చేసిన ఫ్రెంచి యనువాదము అతని మరణానంతరము 1836లో పారిస్ నగరమున వెలువడెను. దానిని లెయిడ్లే యనునాతఁడు ఇంగ్లీషుచేసి 1848లోఁ గలకత్తాయందుఁ బ్రకటించెను. సంబోధి యనంతరము బుద్ధుని ఏడుదినములు చుట్టుకొని యుండిన ముచిలిందుని ప్రసక్తి యందుఁ గలదు. బౌద్ధగ్రంథములను దమ భాషలోనికిఁ దెచ్చుకొనునపుడు చీనావారు నాగశబ్దమునకు 'లుంగ్' అను తమ మాటను వాడుట పరిపాటి. ఆ లుంగ్ ఫ్రెంచిలో 'ద్రగోఁ' అయ్యెను. ఇంగ్లీషున, ఒక్క యక్షరమైన మాఱకయే, 'డ్రాగన్' అయ్యెను.

ఫ్రెంచి పండితుని నిందించుటకు నాకు మనసొప్పదు. ఆ మాటకు మూలము గ్రీకు 'డ్రాకోన్'. దానికి మహాసర్పమనియే యర్థము. వ్యుత్పత్తిచేఁ దప్పులేదు, రూఢియే వేఱు. మధ్యయుగపు ఐరోపాకథలలో డ్రాగను ఱెక్కలును గాళ్లును గలిగి నిప్పు గ్రక్కు క్రూరమృగము. సెయింట్ జార్జి దానిని సంహరించుటయే వారికి వీరకృత్యము. ఫ్రెంచివారి 'లూగరు' అను తోడేలుమనిషి యెదురైనచో ఇంగ్లీషువాఁడు వెదకి తన 'వేర్‌వుల్ఫ్' అను మాటను దేవలసినదే. ఇచట వెదకుపని లేకపోయెను. కంటికిఁ గనఁబడినదానినే వ్రాసికొనెను. వేఱుమాటకంటె ఒకేరూపు గల మాటయే అనువాదకుని ఎక్కువగా ఏమఱించునని నా తలంపు.

ఇఁక మన కరీంనగరపుసీమకు రండు. నేఁడు పెద్దపల్లి జిల్లాలో నున్న ధూళికట్టయందు శాతవాహనకాలపు బౌద్ధస్తూపము 1970వ దశకపుఁ ద్రవ్వకములలో బయల్పడెను. అందలి సున్నపుఱాతిపలకపై ముచిలిందుఁడు అయిదు పడగలతోఁ జుట్టలు చుట్టుకొని యున్నాఁడు. ఱెక్కలు లేవు, కాళ్లు లేవు, నిప్పు లేదు. పొలముగట్టున మనము చూచెడి త్రాచే. పడగలు మాత్రము హెచ్చు. జడివానలో బుద్ధునికి గొడుగైనవాఁడు గాని యెవరిచేతనో చావవలసినవాఁడు గాఁడు. ఆదిలాబాదు జిల్లా కేస్లాపూరున నీభావము నేఁటికిని సజీవము. పుష్యమాసపు టమావాస్యనాఁడు మెస్రం వంశపు గోండులు కాలినడకఁ దెచ్చిన గోదావరీజలముతో నాగోబాను అభిషేకించి, క్రొత్తకోడండ్ర నాదేవునికిఁ బరిచయము చేయుదురు. దీనికి 'భేటింగ్' అని పేరు. డ్రాగనుకడకుఁ గోడలిని దోడ్కొనిపోవు అత్తగారిని ఏ యాంగ్లేయుఁడైన నూహింపఁగలఁడా!

1884లో బీలు హ్యూన్‌సాంగు గ్రంథమును ఆంగ్లీకరించుచుఁ బలుతావుల నాగశబ్దమునే నిలిపెను. అయినను డ్రాగనును బొత్తిగా విడువఁడయ్యెను. ఇంగ్లీషుపుస్తకములు చూచి పాఠములు వ్రాయు మన పండితులు ముచిలిందుఁడున్నచోట నాగమనియే వ్రాయుదురు గాక. సెయింట్ జార్జి కథలో మాత్రము డ్రాగను డ్రాగనుగానే యుండవలెను.